చుక్కలు ముందు, కుట్టు తర్వాత

‘నా చేతికి పని రాదు’ అనే తీర్పు చాలామంది చిన్నప్పుడే తమ మీద తామే ఇచ్చేసుకుంటారు. డ్రాయింగ్ క్లాసులో గీత వంకర పోయిందనో, అట్ట మీద అతికించిన బొమ్మ పక్కకి జరిగిందనో ఎవరో ఒక మాట అంటారు. ఆ మాట అక్కడితో పోదు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఊడిన గుండీ కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరికి పంపిస్తుంది. పని రాకపోవడం వల్ల కలిగే నష్టం కన్నా, రాదని ముందే తేల్చేసుకోవడం వల్ల కలిగే నష్టం పెద్దది. ఈ అధ్యాయంలో ఆ తీర్పును తిరగదోడదాం. భుజం తట్టే మాటలతో ఆ పని జరగదు కాబట్టి ఒక చిన్న తోలు పౌచ్‌ను సాక్ష్యంగా పెట్టుకుందాం. చిల్లర నాణేలో, తాళంచెవులో, ఇయర్‌ఫోన్లో పట్టేంత సంచి. ఒకే తోలు ముక్క, రెండు మడతలు, రెండు వైపులా రెండు కుట్లు. తోలు ఎన్నడూ ముట్టనివాళ్ళు కూడా దీన్ని తిన్నగా కుట్టగలరు. ఎలా కుట్టగలరన్న ప్రశ్నకు జవాబే నేను చెప్పదలచుకున్న విషయం: చేతిపనిలో మనం మెచ్చుకునే ఒద్దిక చాలావరకు వేళ్ళలో ఉండదు, వేళ్ళు కదలకముందు పెట్టుకున్న గుర్తుల్లో ఉంటుంది.

సంక్రాంతి నెలలో వాకిట్లో వేసే చుక్కల ముగ్గును చూస్తే ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. పదిహేను చుక్కల మెలికల ముగ్గు అంత పొందికగా వచ్చిందంటే, గీత ఎక్కడ వంగాలో, ఏ చుక్కను చుట్టిరావాలో చుక్కలే ముందు చెప్పేశాయి. తోలు కుట్టు కూడా అచ్చంగా ఇలాంటిదే. గుడ్డ కుట్టేటప్పుడు సూది తన దారి తానే చేసుకుంటుంది. ప్రతి పోటు దగ్గరా ఎంత దూరం, ఏ వరస అన్నది కన్నూ చేయీ కలిసి అప్పటికప్పుడు తేల్చుకోవాలి. కొత్తవాళ్ళ కుట్టు వంకర పోయేది అక్కడే. మిల్లీమీటరున్నర మందమున్న తోలులోకి మామూలు సూది దిగదు. అందుకని రంధ్రాలన్నీ ముందే పొడుచుకోవాలి. ఆ తర్వాత వాడే సూదులకు మొన కూడా ఉండదు, కొన మొద్దుగా ఉంటుంది. ఉన్న రంధ్రంలోంచి దారాన్ని దాటించడమే వాటి పని. కుట్టు ఏ గీత మీద పడాలి, ఎంతెంత దూరాన పడాలి అన్నవన్నీ దారం ఎక్కించకముందే ఖాయమైపోతాయి. మొదటి చేతిపనిగా తోలును ఎంచుకోమనడానికి నా ప్రధాన కారణం ఇదే. తోలు మొండితనమే కొత్తవాళ్ళకు మేలు చేస్తుంది.

ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ బోధించిన డేవిడ్ పై, 1968లో వచ్చిన తన పుస్తకంలో పనితనాన్ని రెండు రకాలుగా చూశాడు. కలంతో రాయడం లాంటి పనుల్లో చివరి క్షణం దాకా ఫలితం ప్రమాదంలోనే ఉంటుంది; చేయి ఎప్పుడైనా జారవచ్చు. అచ్చువేయడం లాంటి పనుల్లో యంత్రం తిరగకముందే ఫలితం ఖాయమై ఉంటుంది. ఆయన ఈ విభజనతో ఆగిపోకుండా, చేతిపనివాళ్ళు పూర్తిగా మొదటి రకంలోనే ఉండిపోరని కూడా గుర్తించాడు. మూసలు, ఆనుకోళ్ళు, గాళ్ళు, గీతలు వాడి వాళ్ళు ప్రమాదాన్ని అడుగడుగునా తగ్గించుకుంటూనే వచ్చారు. వడ్రంగి మూలమట్టం పెట్టి గీత గీస్తాడు, తాపీమేస్త్రీ గోడ వారగా దారం కడతాడు, దర్జీ సుద్దముక్కతో గుర్తు పెడతాడు. నలభై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళే వీటిని వదలనప్పుడు, మొదటి రోజు పనికి కూర్చున్న మనం ఉత్త చేత్తో తిన్నగా చేయలేకపోయామని బాధపడటం న్యాయం కాదు. మన దగ్గర లేనిది గుర్తులు పెట్టుకునే అలవాటు. చేతిలో లోపం ఉందని అనుకోవడానికి ఇక్కడ ఆధారమేమీ లేదు.

ఇక పనిలోకి వద్దాం. అన్నిటికన్నా ముందు తోలు ఎంపిక. ఈ పౌచ్‌కు చెట్ల కషాయాలతో ఊనిన తోలు కావాలి. బజారులో దీన్ని వెజిటబుల్ టాన్డ్ అంటారు. పచ్చి చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను చెట్టు బెరడులోని టానిన్లు పట్టుకుని బిగించడం వల్ల అది కుళ్ళకుండా తోలుగా మారుతుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు ఇక్కడ మనకు దగ్గరి చుట్టం. దాని బెరడు, కరక్కాయ, తుమ్మచెక్క దక్షిణాదిలో తరతరాలుగా తోళ్ళు ఊనడానికి వాడినవే. మద్రాసు రేవు నుంచి విదేశాలకు వెళ్ళిన తోళ్ళలో పెద్ద భాగం తంగేడు చెక్కతో ఊనినవి. ఇప్పుడు లోకంలో ఎక్కువగా దొరికేది క్రోమియం లవణాలతో ఊనిన తోలు. 1884లో అమెరికాలో అగస్టస్ షుల్ట్స్ తీసుకున్న పేటెంట్ తర్వాత అది వ్యాపించింది. వారాలు పట్టే పని రోజుల్లో ముగుస్తుంది కాబట్టి పరిశ్రమ అటు వెళ్ళింది. అది మెత్తన, నీటికి ఓర్చుకుంటుంది కూడా. అయినా మన పనికి అనువుగా ఉండదు. మడత పెడితే మడత నిలవదు, అంచు రుద్దితే మెరుపెక్కదు, గీత గీస్తే గుర్తు పడదు. చెట్టు కషాయపు తోలు మీద గోటితో నొక్కితే గుర్తు పడుతుంది, నీటిచుక్క వేస్తే అక్కడ ముదురు రంగు తిరుగుతుంది, కోసిన అంచు లోపలిదాకా గోధుమరంగులో ఉంటుంది. క్రోమ్ తోలు అంచులో మధ్యన చాలాసార్లు నీలి బూడిదరంగు చార కనిపిస్తుంది. కొనేముందు ఈ మూడూ చూసుకోండి. ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్ర తోలు నాణ్యత గురించి దాదాపు ఏమీ చెప్పదు. ముక్క పశువు వెన్ను వైపుదైతే పోగులు బిగువుగా ఉంటాయి. పొట్ట వైపుదైతే సాగుతుంది, అది మొదటి పనికి వద్దు. మందం 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల లోపు చాలు. పెద్ద తోలు కొననక్కర్లేదు. చెన్నైలో తోలు వ్యాపారానికి పేరున్న పెరియమేడులోనైనా, మీ ఊళ్ళో చెప్పుల మెటీరియల్ అమ్మే దుకాణంలోనైనా తెగముక్కల కోసం అడగండి.

తోలు చేతికొచ్చాక దాన్ని పక్కన పెట్టి కాగితం తీసుకోండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. తోలులో పడిన కోత మళ్ళీ అతకదు, పొడిచిన రంధ్రం మళ్ళీ పూడదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు తప్పులన్నీ కాగితం మీదే చేసేస్తారు. పది సెంటీమీటర్ల వెడల్పు, ఇరవై రెండు సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీ కత్తిరించండి. ఒక చివర నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఒక మడత, అది సంచి అడుగు. పదహారు దగ్గర రెండో మడత, అది నోరు. మిగిలిన ఆరు సెంటీమీటర్లు మూత. మూత రెండు పక్కలా సన్నబడుతూ వచ్చి, చివరి రెండు సెంటీమీటర్లు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న నాలుకలా ఉండాలి. ముందు పలకలో నోటి అంచుకు నాలుగు సెంటీమీటర్ల దిగువన ఆ నాలుక దూరడానికి ఒక అడ్డచీలిక. నాలుక వెడల్పు కన్నా మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంటే చాలు, బిగుతుగా పట్టుకుంటుంది. కాగితాన్ని మడిచి, లోపల నాణేలు పోసి, మూత దూర్చి చూడండి. సంచి ఉబ్బినప్పుడు నాలుక అందకపోతే చీలికను ఓ అర సెంటీమీటరు పైకి జరపండి. ఇలా రెండు మూడు కాగితాలు పాడైనా పర్వాలేదు. కుదిరినదాన్ని దళసరి అట్ట మీద గీసి కత్తిరించి, మడతలు, చీలిక అన్నీ దాని మీద గుర్తు పెట్టుకోండి. పౌచ్ మీ చేతుల్లో తయారైపోయినట్టే. మిగిలిన పనంతా ఆ అట్ట తీసుకున్న నిర్ణయాలను తోలు మీదికి దింపడం.

కోతలో రెండు జాగ్రత్తలు. బ్లేడు కొత్తదై ఉండాలి. మొద్దు బ్లేడును గట్టిగా నొక్కాల్సి వస్తుంది, గట్టిగా నొక్కిన చేయే జారుతుంది. స్టీలు స్కేలును మనం ఉంచుకునే ముక్క మీద పెట్టాలి, పారేసే ముక్క మీద పెట్టకూడదు. అప్పుడు బ్లేడు పక్కకి జారినా దెబ్బ తగిలేది వ్యర్థానికే. ఒకే ఊపున కోయాలన్న పంతం వద్దు. తేలికగా మూడుసార్లు లాగితే తోలు దానంతటదే విడిపోతుంది. చీలిక కోసేముందు దాని రెండు చివరలా రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు పొడిచి, ఆ రంధ్రాల మధ్య మాత్రమే కోయండి. సన్నటి చీలిక కొన దగ్గర లాగుడంతా ఒక్క బిందువు మీద పడి, వాడేకొద్దీ చిరుగు ముందుకు పాకుతుంది. కొన గుండ్రంగా ఉంటే ఆ లాగుడు చుట్టూ పంచుకుపోతుంది. ఏ అంచులు తర్వాత చేతికి అందవో వాటిని ఇప్పుడే నునుపు చేసుకోవాలి. ముందు పలక నోటి అంచు, చీలిక, మూత అంచు, ఈ మూడూ అతికించకముందే పూర్తి కావాలి. మడత పడే చోట్ల తడి స్పాంజి అద్ది, మడిచి, బరువైన పుస్తకాల కింద ఆరేదాకా ఉంచితే మడత ఇక విప్పుకోదు.

ఇప్పుడు ఈ వాదనకు ఆయువుపట్టు లాంటి దశ, రంధ్రాలు. రెండు పక్కలా అంచు వెంబడి మూడు మిల్లీమీటర్ల మేర మాత్రమే రబ్బరు సొల్యూషన్ రాసి, కాస్త ఆరనిచ్చి, పలకల్ని ఒకదాని మీద ఒకటి నొక్కి అతికించండి. విభాగిని ముళ్ళను నాలుగు మిల్లీమీటర్లకు తెరిచి, ఒక ముల్లును అంచు బయట ఆనించి లాగితే రెండో ముల్లు అంచుకు సమాంతరంగా గీత గీస్తుంది. గీత తిన్నగా ఉండే పూచీ అంచుది. ఆ గీత మీద నాలుగు పళ్ళున్న ఉలిని నిటారుగా నిలబెట్టి కొయ్యసుత్తితో కొట్టండి. ఇనుప సుత్తి వద్దు, ఉలి తల చెడుతుంది. తర్వాతి దెబ్బకు ఉలి మొదటి పన్నును ఇంతకుముందు పడిన చివరి రంధ్రంలో పెట్టాలి. ఈ చిన్న కదలికను ఆగి గమనించండి. కిందటి రంధ్రమే రాబోయే రంధ్రాలకు కొలబద్ద అవుతోంది. కంటి అంచనాకు ఇక్కడ చోటే లేదు. ఎనిమిది సెంటీమీటర్ల పక్కకు నాలుగు మిల్లీమీటర్ల ఎడంతో ఇరవై దాకా రంధ్రాలు పడతాయి, అన్నీ సమాన దూరంలో. ఉలి పక్కకి ఒరిగితే మాత్రం ముందువైపు వరస బాగానే ఉండి వెనకవైపు వరస వంకర పోతుంది. నిటారుగా పట్టడం ఒక్కటీ చేతి బాధ్యత. ఈ తరహా ఉలి లేనివాళ్ళు భోజనాల బల్ల మీది ఫోర్కును గీత వెంట నొక్కి గుర్తులు పెట్టుకుని, చెప్పులు కుట్టేవాళ్ళు వాడే ఆరెతో ఒక్కొక్కటే పొడుచుకోవచ్చు. ఎడం కొంచెం ఎక్కువైనా సమానంగానే వస్తుంది. కుట్టుకన్నా ముందు రంధ్రం అన్న ఈ వరస చాలా పాతది. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన, సుమారు 5,300 ఏళ్ళ కిందటి మనిషి నడుముకు దూడతోలు సంచి ఉంది. అందులో చెకుముకిరాతి పనిముట్లతో పాటు ఎముకతో చేసిన ఆరె కూడా దొరికింది.

కుట్టుకు రెండు సూదులు, ఒకే దారం. దారం పొడవు కుట్టు పొడవుకు నాలుగు రెట్లు, పైన సూదుల కోసం కొంత. అరవై సెంటీమీటర్లు తీసుకుంటే ఒక పక్కకు సరిపోతుంది. తేనెమైనం మీద రెండు మూడుసార్లు లాగితే దారం చిక్కుపడదు, రంధ్రంలో పట్టు దొరుకుతుంది. దారానికి రెండు చివరలా సూదులు ఎక్కించి, మొదటి రంధ్రంలోంచి సగానికి లాగండి. ఆ పైన ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురు వైపుల నుంచి దాటాలి. ముందు కుడి సూదిని పంపితే చివరిదాకా కుడి సూదే ముందు వెళ్ళాలి. రెండో సూది మొదటి దారాన్ని గుచ్చకుండా చూసుకోవాలి. గుచ్చుకుంటే బిగించడం కుదరదు. రెండు చేతులా ఒకే బలంతో లాగాలి. చివరికి వచ్చాక మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి దారం తెంపేయండి. పాలిస్టర్ దారమైతే కొసను లైటరు సెగకు కరిగించి అద్దితే చాలు. కుట్టుమిషన్‌లో పైదారం, కిందిదారం ఒకదానికొకటి కొక్కెంలా తగులుకుని ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. మనం వేసిన ఈ రెండు సూదుల కుట్టును జీను కుట్టు అంటారు. ఇందులో ప్రతి రంధ్రంలోనూ రెండు దారాలూ పూర్తిగా దాటి ఉంటాయి. ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. మొదటిసారి కూర్చున్న మనిషి చేతి నుంచి యంత్రపు కుట్టు కన్నా గట్టి కుట్టు వస్తోందంటే కారణం ఆ అల్లిక తీరే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. అంతా గుర్తుల్లోనూ పనిముట్లలోనూ ఉంటే నైపుణ్యం అన్నది లేనట్టేనా? జీవితమంతా తోలు పనికి ధారపోసినవాళ్ళ విద్యను ఇది తక్కువ చేయడం కాదా? నా వాదన అలా అర్థమైతే అది నా లోపం. గుర్తులు తీసేసుకునేది పనిలోని తిన్నదనం బరువును మాత్రమే. ఏ తోలు ఏ పనికి ఓర్చుకుంటుందో వేలితో వంచి చెప్పడం, పశువు ఒంటి మీద ఏ వైపు సాగుతుందో చూసి ముక్క అమర్చడం, దారాన్ని తోలు ముడతపడకుండా బిగువు తెలిసి లాగడం, ఇవి ఏ మూసలోనూ ఇమడవు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు నగలు, అంచులు ఉలితో పొడిచే రంధ్రాలతోనే వస్తాయి. ఉలి చేసే రంధ్రం ఎవరు కొట్టినా ఒకటే. దీపం వెలుగు ఎక్కడి నుంచి రావాలో ఎరిగి పొడవడం మాత్రం కళాకారుడి సొత్తు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ ఎరుకకే. గుర్తుల వల్ల కొత్తవాళ్ళకు జరిగే మేలు ఏమిటంటే, తిన్నదనం కోసం పడే యాతన తప్పి, ఇలాంటి అసలు విషయాల మీద దృష్టి పెట్టే తీరిక దొరుకుతుంది.

తెలుగునేల మీద తోలు గురించి రాస్తూ మరో సంగతి దాటవేయకూడదు. ఈ విద్యను శతాబ్దాల పాటు మోసినవాళ్ళు మాదిగలు. సున్నంలో వెంట్రుకలు ఊడదీసి, లందలో తంగేడు చెక్కతో ఊని, బావుల దగ్గర మోటకు తోలు బొక్కెనలు, పొలం వెళ్ళే కాళ్ళకు చెప్పులు, పండగకు డప్పు అందించింది వాళ్ళే. ఆ పని లేకపోతే నీరు పారేది కాదు, పంట పండేది కాదు. అయినా ఊరు వాళ్ళను దూరంగా నెట్టింది. చేతిపని మీదున్న చిన్నచూపులో ఆ అంటరానితనం పాలు ఇప్పటికీ ఉంది. ‘ఈ పని మనకెందుకు’ అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని జవాబు చెప్పాలి. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తోలు శాస్త్రాన్నే తన జీవితంగా ఎంచుకున్నారు. 1948లో ఏర్పడిన మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరై, తర్వాత సీఎస్ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆయన ఎదుగుదల గర్వకారణమే. ఆ శాస్త్రానికి పునాది వేసిన పేరులేని చేతుల్ని కూడా అంతే గౌరవంతో తలుచుకోవాలి. మీ వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర దారం, మైనం, సొల్యూషన్ గురించి అడిగి తెలుసుకోండి. చెప్పినందుకు, చూపించినందుకు ఆయన సమయానికి డబ్బు ఇవ్వండి. పాఠం పాఠమే, ఎక్కడ విన్నా.

‘ఇంత శ్రమ ఎందుకు, బజారులో ఇంతకన్నా తక్కువకే పర్సు దొరుకుతుంది కదా’ అన్నది రెండో అభ్యంతరం. దొరుకుతుంది. డబ్బు లెక్కలో మొదటి పౌచ్ నష్టమే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. కాకపోతే మనం కొనలేనిది ఒకటుంది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో, ఒక పని చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో పరిశీలించి నాలుగు మూలాలు చెప్పాడు: స్వయంగా చేసి గెలవడం, ఇతరులు చేయగా చూడటం, ఎవరో చెప్పగా నమ్మడం, ఆ సమయంలో ఒంటికీ మనసుకూ కలిగే ఉద్వేగం. వీటిలో మొదటిదానికే బలం ఎక్కువ అన్నాడు. ప్రోత్సాహపు ప్రసంగాలు పది విన్నా ఒక తిన్నటి కుట్టుకు సాటి రావన్నమాట. 2012లో మైకేల్ నార్టన్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగాల్లో, తాము బిగించిన పెట్టెలకు, తాము మడిచిన కాగితపు బొమ్మలకు జనం ఎక్కువ విలువ కట్టారు. అదే పని సగంలో ఆగిపోయినా, చేసినదాన్ని మళ్ళీ విప్పేసినా ఆ విలువ నిలవలేదు. మొదటి పనిగా ఆఫీసు బ్యాగును కాకుండా అరచేతిలో పట్టే పౌచ్‌ను సూచించడానికి కారణం ఈ రెండో ఫలితమే. జిప్పు, అస్తరు, టిచ్ బటన్లు అన్నీ ఉన్న బ్యాగు మొదలుపెట్టి మూడు వారాలకు అటక మీద పెట్టేస్తే, పాత తీర్పే మరింత గట్టిపడుతుంది.

ఆ ప్రయోగాన్ని తిప్పి కూడా వాదించవచ్చు. తాను చేసినదాన్ని మనిషి ఎక్కువ చేసి చూసుకుంటాడని తేలింది కదా, అప్పుడు పౌచ్ బాగుందన్న మన అభిప్రాయానికి విలువేముంది? సరైన ప్రశ్న. అందుకే మెప్పును పక్కన పెట్టి, పౌచ్‌నే పరీక్షించాలి. రెండు పలకలనూ పట్టుకుని కుట్టు దగ్గర గట్టిగా లాగండి. సందు కనిపిస్తే బిగువు చాలలేదు. వెనక్కి తిప్పి రంధ్రాల వరస చూడండి, ఉలి ఒరిగిందో లేదో అదే చెబుతుంది. కుట్ల వాలు మధ్యలో ఎక్కడైనా మారితే అక్కడ సూదుల వరస తప్పింది. అంచును మాత్రం ఊరికే చూడకుండా వేలితో తడమండి. నాలుగు వందల నంబరు గరుకు కాగితంతో రుద్ది, తడి అద్ది, నున్నటి కొయ్యముక్కతో వేగంగా రాపాడిస్తే రెండు పొరలూ ఒకే పొరలా కలిసిపోయి మెరుస్తాయి. ఇంకా రెండు పొరలుగా తగులుతుంటే రుద్దుడు చాలలేదు. ఈ పరీక్షలన్నీ తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాయే తప్ప చేసిన మనిషి ఎలాంటివాడో చెప్పవు.

తోలు వద్దనుకునేవాళ్ళు ఉంటారు, జీవహింస కారణంగా. తోలులో ఎక్కువ భాగం మాంసపు వ్యాపారంలో మిగిలే చర్మం నుంచే వస్తుందన్నది నిజమే అయినా, ఆ నిజంతో ఒకరి మనసు మార్చాలని నేను అనుకోను. వాళ్ళు దళసరి ఫెల్టుతో ఇదే అట్టను, ఇదే గీతను వాడి కుట్టుకోవచ్చు. అంచు మెరుగు ఉండదు, గుర్తుల పాఠం మాత్రం అలాగే ఉంటుంది. నదుల గురించి అడిగేవాళ్ళకు ఇంకా బరువైన కారణం ఉంది. తమిళనాడు పాలారు పరీవాహకాన్ని తోలు పరిశ్రమల మురుగు ఎంత పాడుచేసిందో 1996లో సుప్రీంకోర్టు తీర్పులో నమోదైంది. పాడుచేసినవాళ్ళే నష్టం భరించాలన్న సూత్రాన్ని కోర్టు అప్పుడు స్పష్టంగా నిలబెట్టింది. చెట్టు కషాయపు తోలులో క్రోమియం ఉండదు, కానీ దాని మురుగునూ శుద్ధి చేయాల్సిందే. కొత్త తోలు కొనే బదులు తెగముక్కలతో, చిరిగిన పాత బ్యాగు పలకలతో చేయడం ఈ విషయంలో మనం వెంటనే చేయగల పని. పాత బ్యాగు తోలు క్రోమ్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. అంచు మెరవకపోయినా కుట్టు నేర్చుకోవడానికి అది పనికొస్తుంది.

‘సమయం లేదు’ అన్నదానికి జవాబు చిన్నది. కాగితం ఒక సాయంత్రం, కోత ఒక సాయంత్రం, రంధ్రాలు ఒక సాయంత్రం, కుట్టు ఒక సాయంత్రం. మధ్యలో వారం ఆగినా తోలు చెడదు, అట్ట మీది గీత మారదు. పనిముట్ల విషయంలోనూ ఇంతే: స్టీలు స్కేలు, కట్టర్, ఆరె, విభాగిని, రెండు మొద్దు సూదులు, మైనం పట్టించిన దారం, రబ్బరు సొల్యూషన్, గరుకు కాగితం. కుట్టేటప్పుడు తోలును పట్టుకునే బిగింపు బల్ల లేకపోతే రెండు చెక్కపేళ్ళ మధ్య పెట్టి మోకాళ్ళతో అదిమిపట్టుకోవచ్చు. పళ్ళ ఉలి ఒక్కటీ తర్వాతైనా కొనుక్కోండి, అది మిగతావాటికన్నా ఎక్కువ సాయం చేస్తుంది.

రెండో పౌచ్‌ను అదే అట్టతో చేయండి. కొత్త ఆకారం మీదికి మనసు పోతుంది, కాస్త ఆపుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఎందుకు బాగుపడిందో తెలియదు. మొదటిదాని వెనకవైపు వరస వంకరగా ఉంటే ఈసారి దృష్టంతా ఉలి నిటారుతనం మీదే పెట్టండి, మిగతావి పోయినట్టు పోనివ్వండి. వరస కుదిరాక ఒక్కొక్క ఆసరానే వదులుతూ రావచ్చు. మూడో పౌచ్‌కు మూత వంపును అట్ట లేకుండా పెన్సిలుతో తోలు మీదే గీయండి, నచ్చకపోతే లోపలికి ఇంకో గీత గీసుకునే చోటు ఎలాగూ ఉంటుంది. నాలుగోదానికి దారం పొడవును కొలవకుండా తెంపి చూడండి. ఎక్కడ ఆసరా వదిలినా పని తిన్నగానే వస్తోందో అక్కడ చేతికి ఆ విద్య వచ్చేసినట్టు. ఎక్కడ చెడుతోందో అక్కడికి గీతను తిరిగి తెచ్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు. అస్తరు వేసిన పౌచ్‌కు, టిచ్ బటన్‌కు వెళ్ళేది ఆ తర్వాత. అస్తరుకు లోపలి పలకను బయటి పలక కన్నా రెండు మిల్లీమీటర్లు పొట్టిగా కోయాలి, లేకపోతే మడత లోపల ముడత పడుతుంది. ఎంత పొట్టిగా కోయాలన్నది తోలు మందాన్ని బట్టి మారుతుంది కాబట్టి, అప్పుడు కూడా ముందుగా కాగితం తీసుకుని మడిచి చూసుకోండి.